హుస్నాబాద్ సెట్టింగ్

పోయిన వారం నా దుకాణానికి ఆదిలాబాద్ దిక్కు నుంచి ఒకాయన వచ్చాడు. అక్కడ పత్తి జిన్నింగు మిల్లులో పని చేస్తాడట. కూతురి చదువు కోసం కంప్యూటర్ కొన్నాడు. అంతా సర్ది, అట్టపెట్టెకు తాడు బిగించి చేతికి ఇవ్వబోతుంటే ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు.

“దాదా, హుస్నాబాద్ సెట్టింగ్ చేసినవా?”

“చేసిన. తాడు ఇప్పి చూపియ్యాల్నా?”

“వద్దు వద్దు. చేసినవంటే చాలు.”

“గా సెట్టింగ్ అంటే ఏందో ఎరుకేనా?”

“నాకేం ఎరుక? కొనేటప్పుడు గిది అడుగుమని మా మిల్లుల కంప్యూటర్ చూసే సారు చెప్పిండు.”

ఆయన పెట్టెను భుజాన పెట్టుకుని బస్టాండు వైపు వెళ్లిపోయాడు. నేను కౌంటర్ వెనుక నిలబడి కాసేపు నవ్వుకున్నాను. ఆ మాట వెనుక ఒక మనిషి ఉందనీ, ఆమె పోయి ఏడాది దాటిందనీ ఆయనకు తెలియదు. చెప్పడం మొదలుపెడితే బస్సు తప్పేది. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

ఆమె పేరు రాయను. రాసినా ప్రయోజనం లేదు. హుస్నాబాద్‌లో దిగి ఆ పేరు చెప్పి అడిగితే ఎవరూ ఇల్లు చూపించరు. “టైపు మేడం” అంటే మాత్రం అరటిపండ్లు అమ్మే ఆయన కూడా బండి వదిలి నాలుగడుగులు నడిచి సందు చూపిస్తాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ సందులో ఆమె టైపు నేర్పారు. మండల ఆఫీసులో, కోర్టులో, మార్కెట్ యార్డులో, బడుల్లో గుమాస్తా కుర్చీలో కూర్చున్నవాళ్లలో సగం మంది వేళ్లు ఆమె చేతిలో దెబ్బతిన్నవే. స్కేలుతో కొట్టేవారట. గట్టిగా కాదు, తప్పు చేసిన వేలి మీద మాత్రమే.

నేను అప్పట్లో కరీంనగర్‌లో ఒక కంప్యూటర్ల దుకాణంలో పని చేసేవాణ్ని. యజమానిని అందరం సేటు అనేవాళ్లం. టైపు మేడం మా దగ్గర నాలుగు కంప్యూటర్లు కొన్నారు. వాటిని బిగించి రమ్మని సేటు నన్ను హుస్నాబాద్ పంపాడు. టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారని ఆమె ముందు గదిని ఆన్‌లైన్ సెంటర్ చేశారు. కాలేజీ దరఖాస్తులు, ఉద్యోగాల దరఖాస్తులు, హాల్‌టికెట్లు. వెనుక గదిలో ఆరు టైపు మిషన్లు మాత్రం కదలలేదు. పొద్దున పూట కొందరు ఆడపిల్లలు వచ్చి ఇంకా వాటి మీద కొడుతూనే ఉండేవారు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నేత చీర. కళ్లద్దాలకు మగ్గం నూలుతో పేనిన తాడు. నేను బల్ల కింద దూరి వైర్లు బిగిస్తుంటే ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని ఒక్కో వైరునూ ముట్టుకుని “గిది ఎందుకు?” అని అడిగారు. ఎన్ని వైర్లుంటే అన్నిసార్లు. పని అయ్యాక నేను సంచిలోంచి కంపెనీ బొమ్మ అచ్చేసిన మౌస్ ప్యాడ్లు, ఒక క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె వాటిని రెండు వేళ్లతో ఎత్తి మళ్లీ నా సంచిలోనే వేశారు.

“ఫ్రీ మేడం. కంపెనీ ఇచ్చింది.”

“ఇచ్చింది సరే. నేను అడిగిన్నా?”

“అడగలే.”

“నా బల్ల మీద నేను పెట్టిందే ఉండాలె బిడ్డా. నడుమ ఇంకొకటొస్తే చేతికి తొవ్వ దొరకదు.”

ఆ మాట అంటూనే వెనుక గది వైపు తల తిప్పి, “ఓ పిల్లా, ఎడమ చేతి చిటికెనవేలు పండుకున్నది, లేపు!” అని కేకేశారు. ఆ గది తలుపు వేసి ఉంది. లోపల ఎవరు కొడుతున్నారో కనబడదు. టకటకల నడుమ ఎక్కడో ఒక చిన్న ఆలస్యం ఆమెకు వినిపించిందన్నమాట. లోపల నుంచి “సరే మేడం” అని నవ్వుతూ జవాబు వచ్చింది.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. కోపం వచ్చినప్పుడు నోరు మూసుకునేవారు, వేళ్లు మాత్రం కదిలేవి. బల్ల మీద, బస్సు సీటు కమ్మీ మీద, మా కౌంటర్ అద్దం మీద, ఎక్కడ చేతులుంటే అక్కడ పది వేళ్లతో టైపు కొట్టేవారు. చాలా రోజులు అది చేతుల వణుకు అనుకున్నాను. ఒకసారి ధైర్యం చేసి అడిగితే చెప్పారు.

“తిట్టాలనిపిస్తె గిట్ల కొట్టేస్త. నోట్లెకెళ్లి రాదు. మనిషి మంచిగుంటడు, నా మనసు మంచిగుంటది.”

“మరి ఇప్పుడు మా కౌంటర్ మీద ఏం కొట్టిండ్రు?”

“మీ సేటు గురించి. పేజీ నిండింది.”

మా సేటు గురించి పేజీ నిండడానికి కారణం ఉంది.

కంప్యూటర్లు బిగించిన కొత్తలోనే ఆమె ఫోన్ చేశారు. తెర కింద కుడి మూలన ఒక డబ్బా వస్తోందట. “మీ కంప్యూటర్ ఇంకా బాగా పనిచేయాలంటే మా సాఫ్ట్‌వేర్ వేసుకోండి” అని ఇంగ్లీషులో ఉంటుందట. “సరే” అనే బటన్ పెద్దగా, మెరుస్తూ. “వద్దు” అనేది సన్నగా, బూడిదరంగులో. వద్దని కొడితే పోతుంది, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ వస్తుంది. నేను పట్టించుకోలేదు. “వద్దని కొట్టుండ్రి మేడం, ఏం కాదు” అని పెట్టేశాను.

ఏం కాదన్నది ఎండాకాలం చివర అయింది. డిగ్రీ సీట్ల కోసం ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకునే చివరి రోజు. సాయంత్రం ఐదుకు బందు. పక్క ఊరి నుంచి ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. తండ్రి బయట మెట్ల మీద చెప్పులు పక్కన పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అమ్మాయి ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని వరుసగా పెట్టుకుంటూ వస్తోంది. ఆ డబ్బా వచ్చింది. అదీ దరఖాస్తులో భాగమే అనుకుని ఆ పిల్ల “సరే” కొట్టేసింది. ఉన్న కాస్త ఇంటర్నెట్టునూ అది తాగేసింది. ఏవేవో దించుకుని, కాసేపటికి కంప్యూటర్‌ను తనంతట తానే ఆపి మళ్లీ లేపింది. అమ్మాయి పెట్టుకున్న వరుసంతా పోయింది. కంప్యూటర్ లేచాక తెర నిండా ప్రకటనలు: ఇది కొనండి, అది కొనండి, ఒక నెల ఉచితం.

ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. తండ్రి లోపలికి వచ్చి, ఏం జరిగిందో తెలియక, “నేనేమన్న తప్పు సంతకం పెట్టిన్నా మేడం?” అని అడిగాడట. ఆ ప్రశ్న తనను చాలా బాధపెట్టిందని మేడం తర్వాత చెప్పారు. ఆమె అమ్మాయిని లేపి ఇంకో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, “నువ్వు నోటితోటి చెప్పు, నేను కొడుత” అన్నారు. కీబోర్డు వంక చూడకుండా ఆ పిల్ల ముఖంలోకి చూస్తూ మొత్తం మళ్లీ కొట్టారు. ఐదుకు ఇంకా కొద్ది నిమిషాలు ఉండగా పని అయింది. తండ్రి దండం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమె కరీంనగర్‌లో మా దుకాణం ముందు దిగారు. చేతుల్లో దుప్పట్లో చుట్టిన సీపీయూ. జ్వరమొచ్చిన పిల్లను దవాఖానకు తెచ్చినట్టు పట్టుకున్నారు.

“బస్సుల ఎట్ల తెచ్చిండ్రు మేడం?”

“ఒళ్లె కూసోవెట్టుకున్న. కండక్టర్ సామాను టికెట్ కొడుతనన్నడు. కొట్టుమన్న. గిది సామానే, గిండ్ల ఉన్నదే సామాను కాదు.”

నేను చూసి వైరస్ అని తేల్చాను. అంతా తుడిచేసి విండోస్ కొత్తగా వేసి ఇచ్చాను. ఆమె అంతసేపూ స్టూలు మీద కూర్చున్నారు. మధ్యాహ్నం అయితే సంచిలోంచి సర్వపిండి డబ్బా తీసి నాకో ముక్క, సేటుకో ముక్క ఇచ్చారు. మళ్లీ దుప్పటి చుట్టుకుని బస్సెక్కారు.

నాలుగు రోజులకు తిరిగి వచ్చారు. ఈసారి సీపీయూతో పాటు ఒక కాగితం కూడా తెచ్చారు. ఆ డబ్బా ఏ తేదీన, ఎన్ని గంటలకు వచ్చింది, అప్పుడు ఆ కంప్యూటర్ మీద ఏం పని జరుగుతోంది అన్నీ గీతలు గీసి వరుసగా టైపు చేసి ఉన్నాయి. కంప్యూటర్ మీద కాదు, పాత మిషన్ మీద.

“దాని మీద ఫిర్యాదు దాని మీదనే కొట్టుడు మంచిగుండదు కద,” అన్నారు.

ఆ కాగితం చూశాక నాకు సిగ్గేసింది. ఇంత శ్రద్ధగా రాసిన మనిషికి వైరస్ అని చెప్పి పంపాను. దుకాణంలోని కొత్త డిస్కు ఒకటి సీలు విప్పి బిగించాను. ఆమె ముందే విండోస్ వేశాను. ఇంటర్నెట్ వైరు పెట్టాను. ఇద్దరం తెర కుడి మూల చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి డబ్బా వచ్చింది. డిస్కు కొత్తది, అందులో ఇంకేమీ లేదు. అయినా వచ్చింది.

“అయితె ఎక్కడ కూసున్నది బిడ్డా?” అన్నారు, చాలా నెమ్మదిగా.

పెట్టె మూత తీసి మదర్‌బోర్డు చూపించాను. అన్ని భాగాలనూ కలిపే ఆ పెద్ద పలకలో ఒక మూల, చిటికెనవేలి గోరంత నల్లటి చిప్. డిస్కు మార్చినా, విండోస్ మార్చినా ఆ చిప్‌లో ఉన్నది పోదు. కంప్యూటర్ లేచిన ప్రతిసారీ అది తన మనిషిని లోపలికి పంపుతుంది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశారు.

“గిండ్ల పెట్టిందెవరు?”

“బోర్డు చేసిన కంపెనీ.”

“నన్ను అడిగిండ్రా?”

“లేదు.”

“నిన్ను?”

“నన్ను గూడ అడగలే మేడం.”

“నువ్వు అమ్మేటోనివి. నేను కొనుక్కున్నదాన్ని. ఇద్దరిని అడగకపోయిరి. మరి గిదెవరి కంప్యూటర్?”

సేటు కుర్చీలోంచి నవ్వాడు. “గిప్పుడు అన్ని కంపెనీలు గదే చేస్తున్నయి మేడం. ఫ్రీగ ఇస్తున్నరు, మీకేం తక్లీఫ్?”

“సేటూ, ఎవడో మనిషి మీ ఇంట్లకు అడగకుండ వచ్చి మంచం మీద కూసుని, ఫ్రీగనే వచ్చిన అంటే, చాయ్ పోస్తవా?”

ఆమె వేళ్లు కౌంటర్ అద్దం మీద కదలడం మొదలుపెట్టాయి. నేను పైన చెప్పిన పేజీ నిండింది అప్పుడే.

నేను బోర్డు సొంత సెట్టింగుల్లోకి వెళ్లాను. కంప్యూటర్ లేవగానే ఒక బటన్ నొక్కి పట్టుకుంటే ఆ పేజీ తెరుచుకుంటుంది, మామూలు జనం అక్కడికి పోరు. గంటసేపు వెతికితే మూడు మెనూల లోపల ఒక చిన్న వరుస కనబడింది. దాన్ని ఆపేసి చూస్తే డబ్బా రాలేదు. ఆమె ముఖం వెలిగిపోయింది. ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో నాతో చెప్పించుకుని రాసుకున్నారు. మిగిలిన మూడు కంప్యూటర్లలోనూ ఆమే స్వయంగా ఆపేశారు.

అక్కడితో అయిపోయి ఉంటే ఇది కథ అయ్యేది కాదు. వర్షాకాలంలో ఆమె కొత్త స్కానర్ కొన్నారు. అది పనిచేయాలంటే బోర్డు చిప్‌లో కంపెనీవాళ్లిచ్చిన కొత్త వెర్షన్ సాఫ్ట్‌వేర్ వేయాలి. నేనే వెళ్లి నాలుగింటిలోనూ వేశాను. వేయగానే పాత సెట్టింగులన్నీ చెరిగిపోయి మొదటికి వచ్చాయి. నాలుగు తెరల మీద నాలుగు డబ్బాలు ఒకేసారి లేచాయి. నేను తల పట్టుకున్నాను. ఆమెకు మాత్రం కోపం రాలేదు.

“ఫికర్ చెయ్యకు. గిప్పుడు సమజైంది. మనం నాలుగింటిల బందు వెడితె ఏం ఫాయిదా? వాళ్లు చేసే కాడ బందు గావాలె.”

ఆమె కంపెనీకి ఉత్తరం రాశారు. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, మధ్యన కార్బన్ పేపర్లు పెట్టి. తిట్టు ఒక్కటి లేదు. మేము కొన్నది కంప్యూటర్, మీ ప్రకటనల పలక కాదు, అవసరమైతే అడుగుతాము, ఇది ఆపివేసి అమ్మండి, కావలసినవారు తెరుచుకుంటారు. అంతే. పోస్టులో పంపి, దాన్నే నాతో ఈమెయిల్ కూడా చేయించారు. ఒక నిమిషంలో జవాబు వచ్చింది: మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది. దాని కింద రంగురంగుల ప్రకటన, అదే సాఫ్ట్‌వేర్ వేసుకోండని. ఆమె కళ్లద్దాలు తీసి పడీ పడీ నవ్వారు. లోపల టైపు కొడుతున్న పిల్లలంతా చేతులు ఆపి బయటికొచ్చి చూశారు.

తర్వాత ఆమె తన పాత శిష్యులను తలుచుకున్నారు. వాళ్లలో చాలామంది ఇప్పుడు ఆన్‌లైన్ సెంటర్లు పెట్టుకున్నారు. హుజూరాబాద్‌లో ఒకరు, ధర్మపురిలో గుడి దారిలో ఒకరు, ఇలా. ఆమె ఒక పేజీ ఫిర్యాదు తయారుచేశారు. పేరుకూ, ఊరికీ, బోర్డు నంబరుకూ ఖాళీలు వదిలి, ఆ డబ్బాను ఎట్లా ఆపాలో వెనుక వైపు అచ్చువేసి, వచ్చేపోయే బస్సుల్లో అందరికీ పంపారు. మందమర్రి నుంచి ఒకాయన ఫోన్ చేస్తే నేను పక్కనే ఉన్నాను. బొగ్గు గని కార్మికుల కాలనీలో ఆయన సెంటర్.

“మేడం, మా దగ్గర పింఛన్ కాగితాలకు వచ్చే ముసలోళ్లు గా డబ్బా జూసి సర్కారుదనుకుంటున్నరు. ‘సరే’ కొట్టేదాంక కుర్చీ ఇడుస్తలేరు.”

“మరి సంతకాలు పెట్టిచ్చినవా?”

“పెట్టిచ్చిన. మీ స్కేలు దెబ్బ యాదికున్నది మేడం, కాగితం మీద ఒక్క కొట్టివేత లేదు.”

కాగితాలు వస్తూ వస్తూ ఒక బియ్యం సంచి నిండాయి. అప్పుడే కంపెనీ ప్రతినిధి హైదరాబాద్ నుంచి వస్తున్నాడనీ, కరీంనగర్‌లో ఒక హోటల్‌లో దుకాణదారులకు మీటింగు, భోజనం ఉన్నాయనీ మాకు తెలిసింది. సేటు నన్ను పక్కకు పిలిచాడు.

“గీ ముచ్చట ఆమెకు తెల్వద్దు. తెలిసిందంటే నువ్వే చెప్పినవనుకుంట. నువ్వు దుకాణం మనిషివా, ఆమె మనిషివా?”

అప్పటికి మా ఆవిడకు ఏడో నెల. ఉద్యోగం పోతే ఇబ్బందే. రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. మెట్ల మీద కూర్చున్న ఆ తండ్రి అడిగిన ప్రశ్న నేను చెవులారా విన్నది కాదు, అయినా అదే గుర్తుకొచ్చేది. మూడో రోజు ఫోన్ చేసి, హోటల్ పేరూ టైమూ చెప్పాను.

“నీ నౌకరికి ఏం గాదు కద?”

“ఏమో మేడం.”

“అయితె నువ్వు చెప్పలే. నాకు చెప్పేటోళ్లు కరీంనగర్‌ల చానమంది ఉన్నరు.”

ఆ రోజు హాలు నిండా దుకాణదారులు. ముందు పెద్ద తెర. ప్రతినిధి ముప్పై దాటని మనిషి, మంచి చొక్కా, చకచకా మాట్లాడతాడు. కొత్త బోర్డు వేసిన సరికొత్త కంప్యూటర్‌ను తెరకు కలిపి ఒక్కో పేజీ చూపిస్తున్నాడు. వెనుక వరుసలో నేత చీర కనబడింది. సేటు నా వైపు చూశాడు. నేను నీళ్ల గ్లాసులోకి చూశాను.

ఆమె లేచి అడగడానికి ముందే అది జరిగింది. కంప్యూటర్‌కు హోటల్ ఇంటర్నెట్ అందినట్టుంది. అతను “మా కస్టమర్ల నమ్మకమే మా బలం” అన్న పేజీ దగ్గర ఉన్నాడు. కుడి మూలన డబ్బా లేచింది. ఆ తెర మీద తలుపంత పెద్దది. నమ్మకం అన్న మాటను సగానికి మూసేసింది. అతను తీసేశాడు. ఇంకో పేజీకి వెళ్లాడు. ఇంకో రకం డబ్బా వచ్చింది, ఒక నెల ఉచితం అని. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. అందరి దుకాణాల్లోనూ ఆ డబ్బా మీద తిట్లు తిన్నవాళ్లే ఉన్నారు మరి. మా సేటు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు కదులుతున్నాయి.

నవ్వనిది ఆమె ఒక్కరే. సంచి పట్టుకుని నడుచుకుంటూ ముందుకు వెళ్లారు.

“చూసినవా బిడ్డా, నీకు గూడ అడ్డమే వచ్చింది,” అన్నారు.

అతను ఎర్రబడిపోయి, “మేడం, ఇది కస్టమర్ సౌకర్యం కోసమేనండీ. వద్దనుకుంటే ఆపుకోవచ్చు,” అన్నాడు.

“ఎట్ల ఆపాల్నో చూపియ్యి. నేర్చుకుంట.”

అతను కంప్యూటర్‌ను ఆపి లేపి సెట్టింగుల్లోకి వెళ్లాడు. ఒక మెనూ, ఇంకో మెనూ. ఎంత వెతికినా దొరకలేదు. ఆమె చేయి చాచి, తెర చూడకుండా, అతని ముఖంలోకి చూస్తూ నాలుగు మీటలు కొట్టారు. ఆ వరుస తెర మీద వచ్చి నిలబడింది.

“నాకు దొరకాల్నంటె గీ పిలగాడు గంట పరేషానైండు. ఊరి మనిషికి దొరుకుతదా? గిది నీ తప్పు కాదు. నువ్వు అమ్మనీకొచ్చినోనివి. కని పైకి చెప్పేటోనివి నువ్వే.”

సంచి అతని ముందు పెట్టారు. అతను కుర్చీలో కూర్చుని మూతి విప్పి ఒక కాగితం తీశాడు, తర్వాత ఇంకొకటి. అందరూ భోజనాలకు లేచినా అతను చదువుతూనే ఉన్నాడు. ఆమే ప్లేటులో అన్నం, పప్పు పెట్టుకొచ్చి అతని పక్కన పెట్టారు.

“తిని సదువు. కాగితాలు ఏడికి పోవు.”

“ఇది నేను స్కాన్ చేసి పంపిస్తాను మేడం,” అన్నాడతను. “మావాళ్లకు ఇలాంటివి వేరే చోట్ల నుంచి కూడా వస్తున్నాయి. ఎవరూ ఇలా సంచిలో తేలేదు.”

అతను మాట నిలబెట్టుకున్నాడు. చలికాలం దాటాక ఆ కంపెనీ కొత్త వెర్షన్ ఇచ్చింది. ఆ వరుస ముందే ఆపి ఉంటుంది, కావాలనుకున్నవాళ్లే తెరవాలి. ఇదంతా హుస్నాబాద్ వల్లే జరిగిందని నేననను. ఎక్కడెక్కడి జనమో మొత్తుకున్నారు. మేమూ మొత్తుకున్నాం. నేను వెళ్లి నాలుగింటిలో వేసి చూపిస్తే ఆమె ఒక్కోదాన్నీ మూడుసార్లు ఆపి లేపి చూశారు. నాలుగోదాని దగ్గర కుర్చీ వెనక్కి జరిపి, “పిల్లలకు జిలేబీ తెప్పియ్యాలె” అన్నారు. అంతకు మించి సంబరం చేయలేదు.

సేటు నన్ను తీసేయలేదు. వారం రోజులు మాట్లాడలేదు, అంతే. ఈలోగా కొనడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే “హుస్నాబాద్ మేడం చెప్పిన సెట్టింగ్ చేసి ఇస్తరా?” అని అడగడం మొదలైంది. వేరే కంపెనీల బోర్డుల్లో ఆ జాడ్యం అలాగే ఉంది మరి. అడిగి అడిగి అది హుస్నాబాద్ సెట్టింగ్ అయింది. ఒకరోజు సేటే కొత్త పెట్టెలు నా ముందుకు తోసి, “ముందు గది చెయ్, తర్వాత కట్టు” అన్నాడు. ఆ సాయంత్రం ఫోన్ తీసి మేడంతో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో వినలేదు గానీ, ఆ తర్వాతి సోమవారం సర్వపిండి డబ్బా బస్సులో మా దుకాణానికి వచ్చింది.

రెండేళ్ల తర్వాత నేను సొంత దుకాణం పెట్టుకోవాలనుకున్నాను. సేటే ధైర్యం చెప్పాడు. మున్సిపాలిటీలో దరఖాస్తు ఇవ్వాలి. నేరుగా హుస్నాబాద్ వెళ్లి, “మేడం, మీ చేతితోటే కొట్టియ్యిండ్రి, మంచిగైతది” అన్నాను. ఆమె అప్పటికి కాస్త నీరసించారు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. గొంతు మాత్రం తగ్గలేదు.

“పక్కోని దుకాణమైతె నేను కొడుదును. గిది నీది కద. నడువు.”

వెనుక గదిలోకి తీసుకుపోయి ఒక మిషన్ ముందు కూర్చోబెట్టారు. నా చుట్టూ ఐదుగురు ఆడపిల్లలు. పదిహేనేళ్లుగా కంప్యూటర్లు విప్పుతున్న మనిషిని, ఇన్నాళ్లూ రెండు వేళ్లతోనే నెట్టుకొచ్చాను. ఆ రెంటితోనే వెతుక్కుంటుంటే వాళ్లు ఒకరినొకరు పొడుచుకుని నవ్వుతున్నారు. మేడం నా వెనుక నిలబడి పది వేళ్లనూ ఒక్కొక్కటిగా పట్టుకుని వాటి చోట్లలో పెట్టారు. ఆమె వేళ్ల కొనలు గట్టిగా, వెచ్చగా ఉన్నాయి.

పది లైన్ల దరఖాస్తుకు నాకు మధ్యాహ్నమంతా పట్టింది. అందులో మధ్యన ఎక్కడో నా పేరు, దాని ముందు “యజమాని” అన్న మాట. అది కొట్టేటప్పుడు చేతులు కాసేపు ఆగిపోయాయి. ఆమె తొందరపెట్టలేదు. అయ్యాక కాగితం లాగి, కిటికీ వెలుతురులో పట్టుకుని చూశారు. చదువుతూ చదువుతూ పెదవులు బిగించారు, నవ్వు ఆపుకోవడానికి. ఎర్ర పెన్నుతో మూడు చోట్ల సున్నాలు చుట్టి, ఇంకో తెల్ల కాగితం మిషన్‌కు ఎక్కించి, నా భుజం మీద చెయ్యి వేశారు.

“యజమానీ, మూడు తప్పులు. మళ్ల కొట్టు.”